పదాల పట్టికా, పుస్తకాల చదువా: అకడమిక్ రీడింగ్ పరీక్షల చుట్టూ నూరేళ్ల వాదం

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్ పరీక్ష అరవై నిమిషాలది. మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు. చదవాల్సిన పాఠ్యం మొత్తం 2,150 నుంచి 2,750 పదాల మధ్య ఉంటుంది. విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు కోరే విద్యార్థికి ఈ గంట ఎంతో కీలకం. దానికి ఎన్ని ఆంగ్ల పదాలు రావాలి, ఏవి రావాలి, ఎలా నేర్చుకోవాలి అని అడిగితే మాత్రం ఒక్కో చోట ఒక్కో జవాబు వస్తుంది. హైదరాబాద్ అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోచింగ్‌కు వెళ్తే ఒకరు వేల పదాల లిస్టు చేతికిచ్చి రోజుకు ఇన్నని బట్టీ పట్టమంటారు. ఇంకొకరు లిస్టు పక్కన పెట్టి రోజూ ‘ది హిందూ’ సంపాదకీయం చదవమంటారు. మరొకరు పదాలు తెలియకపోయినా పర్వాలేదని, ప్రశ్నలోని ముఖ్యమైన మాటను పాసేజీలో వెతికి పట్టుకుంటే చాలని చెబుతారు.

ఈ మూడు సలహాల్లో ఏదీ గాలిలోంచి పుట్టలేదు. ఒక్కోదాని వెనక దశాబ్దాల పరిశోధన ఉంది. కానీ అవి వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. ఏ అవసరానికి పుట్టిందో మర్చిపోయి మూడింటినీ ఒకే పరీక్షకు వాడబోవడం వల్లే ఇంత గందరగోళం.

పట్టిక ఎందుకు పుట్టింది

1921లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పది వేల ఆంగ్ల పదాలను, అవి ఎంత తరచుగా కనిపిస్తాయో లెక్కగట్టి, ఉపాధ్యాయుల కోసం పుస్తకంగా వేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో లెక్కపెట్టిన పని అది. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 పదాలతోనే ఆంగ్లంలో పని జరిగిపోతుందంటూ ‘బేసిక్ ఇంగ్లిష్’ను ముందుకు తెచ్చారు.

మన కథకు దగ్గరైన మనిషి మైకేల్ వెస్ట్. అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన ఆంగ్లేయుడాయన. బెంగాలీ పిల్లలకు ఆంగ్లంలో మాట్లాడే అవసరం కన్నా చదివి అర్థం చేసుకునే అవసరమే ఎక్కువని 1926లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. అప్పటి వాచకాల్లో కొత్త పదాలు కిక్కిరిసి వచ్చేవి. ఒకసారి కనిపించిన పదం మళ్లీ కనిపించేది కాదు. వెస్ట్ కొత్త పదాల సంఖ్య తగ్గించి, వచ్చినవాటిని మళ్లీ మళ్లీ తిప్పుతూ వాచకాలు తిరగరాశారు. ఆ దారిలోనే 1953లో సుమారు రెండు వేల పదాలతో ‘జనరల్ సర్వీస్ లిస్ట్’ వెలువడింది. ఇప్పటికీ ప్రతి పట్టికా దానితో పోల్చుకోక తప్పదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వెస్ట్ పట్టిక తయారుచేసింది విద్యార్థి దాన్ని కంఠస్థం చేయడానికి కాదు. పిల్లలు చదవగలిగే పుస్తకాలు రాయడానికి. పట్టికా చదువూ ఆయన దగ్గర ఒకే పనిలో రెండు భాగాలు. తర్వాతి కాలంలో అవి విడిపోయి రెండు శిబిరాలయ్యాయి.

విశ్వవిద్యాలయ చదువుల కోసం ప్రత్యేకమైన పట్టిక కావాలన్న ఆలోచన తర్వాతిది. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌కు చెందిన ఆవ్రిల్ కాక్స్‌హెడ్ దాదాపు 35 లక్షల పదాల విద్యా పాఠ్యాన్ని జల్లెడపట్టి, 2000లో ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ ప్రచురించారు. అందులో 570 పదకుటుంబాలున్నాయి; ఒక మూలపదం, దాని నుంచి వచ్చిన రూపాలు కలిపి ఒక కుటుంబం. వెస్ట్ పట్టిక ఆ పాఠ్యంలో సుమారు 76 శాతాన్ని కవర్ చేస్తే, ఈ 570 మరో 10 శాతాన్ని కలిపాయి. ఇంత చిన్న పట్టికకు అది గొప్ప ఫలితం. కోచింగ్ మెటీరియల్‌లో ఈ పట్టికకు అంత ఆదరణ దొరకడానికి కారణమూ అదే.

విమర్శ కూడా త్వరగానే వచ్చింది. 2007లో కెన్ హైలాండ్, పాలీ ట్సె అసలు అన్ని శాస్త్రాలకూ ఉమ్మడి విద్యా పదజాలం అనేది ఉందా అని ప్రశ్నించారు. ‘వాల్యూమ్’ అన్న పదం భాషాశాస్త్ర వ్యాసంలో ఎక్కువగా గ్రంథ సంపుటి, విజ్ఞానశాస్త్ర వ్యాసంలో ఘనపరిమాణం. పట్టికలో మాత్రం రెండూ కలిసి ఒకే గడి. 2014లో డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ 12 కోట్ల పదాల పాఠ్యసంచయం నుంచి మరో పట్టిక తీశారు. వెస్ట్ పట్టికను పునాదిగా తీసుకోవడమే కాక్స్‌హెడ్ పట్టికలోని లోపమని వారి వాదన. ‘సాధారణ’ పదాలని కాక్స్‌హెడ్ ముందే తీసి పక్కన పెట్టినవాటిలో విద్యారచనకు ప్రాణమైనవి చాలా ఉన్నాయి.

పరీక్ష మారింది, బట్టీ మారలేదు

తెలుగు విద్యార్థికి ‘వొకాబులరీ’ అనగానే గుర్తొచ్చేది జీఆర్‌ఈ. బారన్స్ పుస్తకం వెనక ఉండే 3,500 పదాల లిస్టు, నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’, చేత్తో కత్తిరించి రాసుకున్న కార్డుల కట్టలు ఒక తరం జ్ఞాపకాలు. ఆ శ్రమ అప్పట్లో వృథా కాదు. జీఆర్‌ఈలో ఒక పదమిచ్చి దానికి వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలుండేవి. ఒక జత పదాలిచ్చి అలాంటి సంబంధమే ఉన్న మరో జతను పట్టుకోమనే ప్రశ్నలూ ఉండేవి. చుట్టూ వాక్యమే లేనప్పుడు పదం తెలిసి ఉండటం తప్ప వేరే దారి లేదు.

2011 ఆగస్టులో జీఆర్‌ఈ ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసేసింది. వాటి స్థానంలో వాక్యంలోని ఖాళీ పూరించే ప్రశ్నలు, సమానార్థం వచ్చేలా రెండు పదాలు ఎంచుకునే ప్రశ్నలు వచ్చాయి. పదం బరువు తగ్గలేదు, కానీ వాక్యం నడక పట్టుకోనివాడికి పదం ఒక్కటే అక్కరకు రావడం మానేసింది. టోఫెల్ ఈ దారిలో ఇంకా ముందే నడిచింది. 1964లో మొదలైనప్పుడు పదజాలానికి దానిలో విడి ప్రశ్నలుండేవి. 1990ల మధ్యకు వచ్చేసరికి పదాల ప్రశ్నలు పాసేజీలోకి వెళ్లిపోయాయి. 1989లో మొదలైన ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో పదానికి అర్థం చెప్పమనే విభాగం లేదు.

అయినా ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ పదాల పరీక్ష కాదనుకుంటే పొరపాటు. ప్రశ్నపత్రం పాసేజీలోని భావాన్ని వేరే మాటల్లో తిప్పి చెబుతుంది. పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్న కానీ, వాక్యం ‘ట్రూ’నా ‘ఫాల్స్’నా ‘నాట్ గివెన్’నా తేల్చే ప్రశ్న కానీ ఆ మార్పును గుర్తుపట్టగలగడం మీదే నిలబడతాయి. పాసేజీలో సాంకేతిక పదం వస్తే చిన్న వివరణ ఇస్తారు. అంటే అరుదైన సాంకేతిక పదంతో విద్యార్థిని పడగొట్టడం ఈ పరీక్ష ఉద్దేశం కాదు. ఒకే భావానికి రెండు మూడు మామూలు మాటలు తెలిసి ఉండటం, వాటిని చూసిన క్షణంలోనే పోల్చుకోగలగడం దీనికి కావాలి. కీలక పదాన్ని పాసేజీలో వెతకమనే సలహా ఎక్కువసార్లు బెడిసికొట్టేది అందుకే. ప్రశ్నలోని మాట పాసేజీలో అదే రూపంలో ఉండకపోవచ్చు. ఉన్నా జవాబు అక్కడ ఉండకపోవచ్చు.

పాత జీఆర్‌ఈ కోసం తయారైన బట్టీ పద్ధతిని ఐఈఎల్‌టీఎస్‌కు తగిలించడం ఇప్పటి తయారీలో అన్నిటికన్నా పెద్ద లోపం. ఎంతోమంది నెలల శ్రమ అవసరం లేనిచోట ఖర్చవుతోంది.

ఎన్ని పదాలు వస్తే చాలు?

ఈ ప్రశ్నకు పరిశోధకులు చెప్పే రెండు అంకెలు 95, 98. పాఠ్యంలోని ప్రతి వంద పదాల్లో 95 తెలిస్తే పైపైన అర్థమవుతుందని, 98 తెలిస్తే ఇబ్బంది లేకుండా చదవగలమని సారాంశం. వినడానికి తేడా చిన్నదే. 2,500 పదాల పరీక్ష పాఠ్యానికి అన్వయిస్తే మొదటిదాంట్లో 125 చోట్ల తెలియని పదం తగులుతుంది, రెండోదాంట్లో 50 చోట్లే. కాక్స్‌హెడ్ లెక్క ప్రకారం వెస్ట్ పట్టిక, అకడమిక్ పట్టిక రెండూ పూర్తిగా వచ్చినవారికి మిగిలే 14 శాతం అంటే దాదాపు 350 చోట్లు. అందులో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కొన్ని పోయినా మిగిలేది తక్కువేమీ కాదు. 570 పదాలు నేర్చుకుంటే రీడింగ్ గట్టెక్కినట్టేనన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఆ రెండు అంకెలు ఎక్కడివో చూడటం కూడా అవసరం. 95 శాతం 1989లో ఇజ్రాయెల్ పరిశోధకురాలు బాటియా లౌఫర్ అధ్యయనం నుంచి వచ్చింది. అక్కడ ‘అర్థమైంది’ అనడానికి పెట్టుకున్న గీత 55 శాతం మార్కులు. 98 శాతం 2000లో మార్సెల్లా హు, పాల్ నేషన్ చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. వారు ఒక చిన్న కథలోని కొన్ని పదాల స్థానంలో అర్థంలేని పదాలు పెట్టి 80, 90, 95, 100 శాతం తెలిసిన పాఠ్యాలు చదివించారు. 98 అన్నది ఆ ఫలితాల ధోరణిని బట్టి అంచనా కట్టిన అంకె. అయినా పుస్తకాల్లో అది ఏదో ప్రకృతి సూత్రంలా స్థిరపడిపోయింది.

2011లో నార్బర్ట్ ష్మిట్, షియాంగ్‌యింగ్ జియాంగ్, విలియం గ్రేబ్ ఎనిమిది దేశాల్లో 661 మందితో విద్యా పాఠ్యాలు చదివించి చూశారు. తెలిసిన పదాల శాతం పెరిగినకొద్దీ అవగాహన కూడా దాదాపు సరళరేఖలా పెరిగిందే తప్ప, ఇక్కడ దాటితే ఒక్కసారిగా తలుపు తెరుచుకుంటుందనే గడప ఎక్కడా కనబడలేదు. విద్యార్థికి ఇది మంచి కబురు. 98 శాతానికి చేరలేకపోయినా ప్రతి అడుగుకూ ఫలితం ఉంటుంది.

శాతాలను పదాల సంఖ్యలోకి మారిస్తే దృశ్యం మరింత కఠినం. రాసిన పాఠ్యంలో 98 శాతం తెలియాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని 2006లో నేషన్ లెక్కగట్టారు. 95 శాతానికి నాలుగైదు వేలు చాలన్నది 2010లో లౌఫర్, రావెన్‌హోర్స్ట్-కలోవ్‌స్కీల అంచనా. ఎంత తరచుగా కనిపిస్తాయో దాన్ని బట్టి పదాలను వేయి చొప్పున మెట్లుగా పేరిస్తే, మొదటి రెండు మూడు వేలకు పట్టికలు, పాఠాలు ఉన్నాయి. పదివేల అవతల ఉన్న అరుదైన పదాలను వదిలేసినా నష్టం లేదు. నాలుగో వేయి నుంచి తొమ్మిదో వేయి దాకా ఉన్న మధ్య మెట్ల సంగతే తేలాలి. పట్టికలో పెట్టి నేర్పడానికి అవి మరీ ఎక్కువ. చదువులో వాటంతట అవే పట్టుబడేంత తరచుగా అవి కనిపించవు. వాదమంతా నిజానికి ఈ మధ్య మెట్ల గురించే, రెండు పక్షాలూ ఆ మాట స్పష్టంగా అనకపోయినా.

చదివితే అవే వస్తాయన్న పక్షం

స్టీఫెన్ క్రాషెన్ ఈ పక్షానికి పెద్ద దిక్కు. అర్థమయ్యే పాఠ్యాన్ని ఇష్టంగా, విస్తారంగా చదివితే పదాలు తెలియకుండానే అబ్బుతాయని, పనిగట్టుకుని నేర్చుకున్న పదం భాషలో భాగం కాదని ఆయన వాదన. దీనికి బలమైన ఆధారం ఫిజీ నుంచి వచ్చింది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అక్కడి గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు ఆకర్షణీయమైన ఆంగ్ల కథల పుస్తకాలు గుట్టలుగా ఇచ్చి, మామూలు పాఠాలు విన్న పిల్లలతో పోల్చారు. 1983లో ప్రచురించిన ఫలితాల్లో పుస్తకాలు చదివిన పిల్లలు స్పష్టంగా ముందున్నారు. పల్లె బడుల్లో పని చేసినవారెవరికైనా ఈ అధ్యయనం ఆశ కలిగిస్తుంది.

దాదాపు అదే కాలంలో మన దక్షిణాదిలోనూ ఇలాంటి ఆలోచన నడిచింది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో పిల్లలకు వ్యాకరణ సూత్రాలు, పదాల వరసలు నేర్పలేదు. ఆంగ్లంలో ఆలోచించి చేయాల్సిన పనులిచ్చారు. అర్థం మీద మనసు పెడితే భాష వెంట వస్తుందన్నది అక్కడా మూలసూత్రం.

ఎదుటి పక్షం వేసే ప్రశ్న ఒక్కటే: ఎంత కాలంలో? 1998లో మార్లీస్ హోర్స్ట్, టామ్ కాబ్, పాల్ మియెరా ఒమన్‌లోని విద్యార్థులతో ‘ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్’ సరళ ప్రతిని పూర్తిగా చదివించారు. దాదాపు 21 వేల పదాల పుస్తకం. ఎంచి పరీక్షించిన పదాల్లో ముందు తెలియనివి ఇరవై చిల్లర ఉంటే, వాటిలో సగటున కొత్తగా వచ్చినవి అయిదు. 2007లో కాబ్, కేవలం ఇష్టమైన చదువుతో రెండు వేల పదాల మెట్టు దాటడం చాలామందికి కష్టమని లెక్కలతో వాదించారు. మరుసటి ఏడాది జెఫ్ మెక్విలన్, క్రాషెన్ ఆ లెక్కలోని చదివే వేగం, పరిమాణం మరీ తక్కువ పెట్టారని ఖండించారు. 2014లో నేషన్ మధ్యేమార్గంగా ఇంకో లెక్క తీశారు. తొమ్మిదో వేయిలోని పదాలు పన్నెండుసార్లయినా ఎదురుపడాలంటే ఆ ఒక్క మెట్టుకే దాదాపు 30 లక్షల పదాల పాఠ్యం చదవాలి. రెండో వేయి నుంచి తొమ్మిది దాకా అన్నీ కలిపితే కోటి దాటుతుంది.

నిమిషానికి 200 పదాలు చదివేవారికి కోటి పదాలంటే ఎనిమిది వందల గంటల పైమాట. రోజుకు రెండు గంటలు చదివినా ఏడాది దాటుతుంది. ఇది అసాధ్యం కాదు. ఇంటర్ మొదటి ఏడాది నుంచి చదివే అలవాటున్న పిల్లవాడు బీటెక్ చివరికి సునాయాసంగా ఆ దూరం నడుస్తాడు. కానీ వీసా, అడ్మిషన్ తేదీలు చూసుకుని రెండు నెలల ముందు పుస్తకం పట్టినవారికి ఈ దారి గమ్యం చేర్చదు. చదువు పక్షం తప్పు కాదు. ఆలస్యంగా వచ్చినవారికి అది చెప్పగలిగింది తక్కువ.

కార్డుల పక్షం

1885లో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులు తానే కంఠస్థం చేసి, ఎంత త్వరగా మర్చిపోతామో కొలిచారు. మర్చిపోబోయే సమయానికి మళ్లీ గుర్తు చేసుకుంటే జ్ఞాపకం గట్టిపడుతుందన్న తెలివిడి ఆ పరంపరలోనిదే. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ కార్డుల పెట్టె, 1980లలో పియోటర్ వోజ్నియాక్ సూపర్‌మెమో, 2006లో వచ్చి ఇప్పుడు విద్యార్థులు ఫోన్లలో వాడుతున్న ఆంకీ అన్నీ దాని సంతానమే.

ఇందులో రెండు వేరు విషయాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. ఒకటి, రోజుల ఎడం పెంచుకుంటూ చేసే పునశ్చరణ. రెండు, చూసి చదవడం కాక గుర్తు తెచ్చుకోవడం. రెండోదాని మీద 2008లో జెఫ్రీ కార్పికి, హెన్రీ రోడిగర్ చేసిన ప్రయోగం ప్రసిద్ధం. 40 స్వాహిలీ పదాలకు ఆంగ్ల అర్థాలు నేర్పి, కొందరిని ఒకసారి వచ్చిన పదాలను కూడా మళ్లీ మళ్లీ పరీక్షించుకోమన్నారు, కొందరిని ఊరికే మళ్లీ చదువుకోమన్నారు. వారం తర్వాత మొదటివారికి దాదాపు 80 శాతం గుర్తుంది. రెండోవారికి అందులో సగం కూడా లేదు. లిస్టును రోజూ పైనుంచి కిందికి చదివే విద్యార్థి ఎందుకు మర్చిపోతాడో దీనికన్నా స్పష్టంగా చెప్పలేం.

బట్టీ పట్టిన పదం భాషలో కలవదన్న క్రాషెన్ వాదనకు 2011లో ఇరీనా ఎల్గార్ట్ నేరుగా జవాబిచ్చారు. కార్డుల ద్వారా నేర్చుకున్న పదాలు మెదడులో తెలిసిన పదాల్లాగే ఇతర పదాలను తట్టిలేపుతున్నాయని, అదీ ఆలోచించే వ్యవధి లేనంత వేగంగా జరుగుతోందని ఆమె ప్రయోగాలు చూపాయి. ఈ ఒక్క అధ్యయనం వాదంలో పెద్ద గోడను కూల్చింది. కార్డుతో మొదలైన పదం చదువులో పని చేయగలదు.

కార్డులకూ పరిమితులున్నాయి. ఒక పదానికి ఒక అర్థం రాసుకుంటే అది ఏ మాటల సరసన కూర్చుంటుందో, ఎక్కడ మెచ్చుకోలో ఎక్కడ నిందో తెలియదు. ఇంకో చిన్న హెచ్చరిక: ఒకే అర్థవర్గానికి చెందిన పదాలను ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయని 1990లలో థామస్ టింకమ్, రాబ్ వేరింగ్ చూపారు. సమానార్థకాలను గుత్తులుగా ఇచ్చే మెటీరియల్ మనకు ఎక్కువ. పదాలు పాతబడ్డాక పోల్చి చూసుకోవడానికి ఆ గుత్తులు పనికొస్తాయి కానీ మొదటి పరిచయానికి కాదు.

తెలుగులో అర్థం రాసుకోవచ్చా?

ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే నేర్చుకోవాలన్న నియమం కోచింగ్‌లో బలంగా ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి శంకరనారాయణ నిఘంటువు తెరిస్తే వెనుకబాటుతనంగా చూస్తారు. ఇది అన్యాయం, పరిశోధన కూడా దీన్ని సమర్థించదు. 1997లో లౌఫర్, ష్ముయేలి మాతృభాషలో అర్థం ఇచ్చినప్పుడు పదాలు మెరుగ్గా నిలుస్తున్నాయని చూపారు. బొత్తిగా కొత్త పదాన్ని పరిచయం చేయడంలో మాతృభాషను మించినది లేదు.

అయితే 1996లో పీటర్ ప్రిన్స్ చూపిన మరో ముఖం కూడా ఉంది. అనువాదంతో ఎక్కువ పదాలు నేర్చుకున్న బలహీన విద్యార్థులు వాటిని కొత్త వాక్యాల్లోకి తేలేకపోయారు. నాన్ జియాంగ్ 2000లో ఇంకో అడుగు ముందుకెళ్లి, చాలామందిలో ఆంగ్ల పదం మాతృభాష అర్థాన్ని మోసుకుంటూనే ఆగిపోతుందని వివరించారు. ‘సిగ్నిఫికెంట్’, ‘ప్రామినెంట్’, ‘క్రూషియల్’ మూడింటికీ ‘ముఖ్యమైన’ అని రాసుకుని అక్కడే ఆగితే, శీర్షికలు జతచేసే ప్రశ్నలో మూడూ ఒకేలా కనబడతాయి. కాబట్టి తెలుగు అర్థంతో మొదలుపెట్టి, రెండో వారానికి కార్డు వెనక తెలుగు మాట తీసేసి పాసేజీలో దొరికిన వాక్యం రాసుకోవడం ఈ రెండు పరిశోధనలనూ కలుపుకునే పద్ధతి.

తెలిసిన మాటలే దెబ్బతీసే చోటు

తప్పు జవాబులు చాలావరకు కొత్త పదాల దగ్గర రావు. ‘మే’, ‘టెండ్ టు’, ‘ఓన్లీ’, ‘మోస్ట్’, ‘రేర్లీ’ లాంటి చిన్న మాటల దగ్గర వస్తాయి. పాసేజీలో ‘కొందరు పరిశోధకులు సూచించారు’ అని ఉంటే, ప్రశ్నలో ‘నిరూపితమైంది’ అని ఉంటుంది. ‘ఫాల్స్’కూ ‘నాట్ గివెన్’కూ ఉన్న గీత ఈ మాటల మీదే నడుస్తుంది. ఇవి ఏ వర్డ్ లిస్టులోనూ కొత్తగా కనిపించవు, అందుకే ఎవరూ వీటి మీద గంట కేటాయించరు.

పదబంధాల సంగతీ ఇంతే. రాన్ మార్టినెజ్, విక్టోరియా మర్ఫీ 2011లో బ్రెజిల్ విద్యార్థులకు రెండు రకాల పాఠ్యాలిచ్చారు. రెండింటిలోనూ పదాలు అవే, తేలికైనవే. ఒకదాంట్లో అవి కలిసి అర్థం మార్చుకునే పదబంధాలయ్యాయి. ఆ పాఠ్యంలో అవగాహన పడిపోయింది. దానికన్నా ఆందోళన కలిగించేది, విద్యార్థులు తమకు అర్థమైందనే అనుకోవడం. మరుసటి ఏడాది మార్టినెజ్, ష్మిట్ తరచుగా కనిపించే 505 పదబంధాల పట్టిక ఇచ్చారు. తయారీకి రెండు నెలలే ఉన్నవారు అరుదైన వెయ్యి పదాల కన్నా దీన్ని ముందు చేతికి తీసుకోవడం మేలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

పట్టిక పక్షం ఏ పదాలు ముందు నేర్చుకోవాలో చెబుతుంది. ఎలా నేర్చుకోవాలో, అర్థం ఎంత లోతుగా తెలియాలో అది చెప్పదు. మొదటి మూడు వేల పదాల దాకా దాని మాట వినడం లాభం, ఆ తర్వాత దాని పట్టు సడలుతుంది. చదువు పక్షం లోతునూ వేగాన్నీ ఇస్తుంది, పదం ఏ మాటల సరసన ఉంటుందో నేర్పుతుంది. బదులుగా అది అడిగేది ఏళ్లు. కార్డుల పక్షం వేగంగా సంఖ్య పెంచుతుంది, మరుపును ఆపుతుంది, సందర్భాన్ని మాత్రం ఇవ్వలేదు. కీలక పదం వెతకమనే వ్యూహాల పక్షం సమయం సర్దుకోవడానికి పనికొస్తుంది. అయితే 1980లలోనే చార్లెస్ ఆల్డర్సన్ వంటివారు అడిగిన ప్రశ్న దాన్ని వదలదు: ఇది చదవడం రాకపోవడమా, భాష రాకపోవడమా? కొంత భాష వచ్చాకే వ్యూహం పని చేస్తుంది.

ఏడాది పైన సమయమున్న విద్యార్థికి విస్తారమైన చదువే వెన్నెముక, కార్డులు దానికి ఊతం. రెండు మూడు నెలలే ఉన్నవారు ముందుగా తమ లోటు ఎక్కడుందో కొలుచుకోవాలి. నేషన్, ఆయన సహచరులు తయారుచేసిన వొకాబులరీ లెవెల్స్ టెస్ట్ వంటి పరీక్షలు ఇందుకు ఉచితంగా దొరుకుతాయి. రెండో వేయిలోనే ఖాళీలున్నవారు ‘ప్రోలిఫిక్’, ‘యుబిక్విటస్’ లాంటి వాటి వెంట పడితే కాలం చేజారుతుంది. ఆ ఖాళీలు పూడ్చి, పాత ప్రశ్నపత్రాల పాసేజీల నుంచే కార్డులు తయారుచేసుకుని, అదే పాసేజీని రోజుల ఎడంతో మళ్లీ చదివితే వెస్ట్ ఢాకాలో చేసిన పనే చిన్న పరిమాణంలో జరుగుతుంది.

ఇంకా తేలనివి

పదకుటుంబం అన్న లెక్కే ఇప్పుడు వివాదంలో ఉంది. ‘అనలైజ్’ తెలిసినవారికి ‘అనలిటికల్’, ‘అనలిస్ట్’ కూడా తెలిసినట్టేనని ఆ లెక్క ఊహిస్తుంది. 2018లో స్టువర్ట్ మెక్లీన్ జపాన్ విద్యార్థుల్లో ఆ ఊహ తరచూ తప్పుతోందని చూపారు. ఎనిమిది వేల పదకుటుంబాలన్న గమ్యం నిజానికి ఎంత దూరమో దీంతో మళ్లీ ప్రశ్నార్థకమైంది. నాలుగు నుంచి తొమ్మిది వేల మధ్య మెట్లకు చదువు, కార్డులు ఏ పాళ్లలో కలపాలన్నదీ తేలలేదు. గంట పరీక్షలో పదం తెలియడం ఒకటి, దాన్ని ఆగకుండా పోల్చుకోవడం ఒకటి. ఇన్నేళ్ల అధ్యయనాల్లో ఎక్కువ మొదటిదాన్నే కొలిచాయి.

తెలుగువారికి సంబంధించి మరొకటుంది. ఈ లెక్కల్లో చాలా భాగం జపాన్, ఇజ్రాయెల్, ఒమన్, చైనా విద్యార్థులతో వేసినవి. తెలుగు మాట్లాడే యువకుడు బడికి వెళ్లకముందే వందల ఆంగ్ల పదాలను తెలుగులో భాగంగా వాడుతుంటాడు. ఫ్రాంక్ డాల్టన్ 2008లో జపాన్ భాషలో కలిసిపోయిన ఆంగ్ల పదాలు అక్కడి విద్యార్థికి ముందస్తు పెట్టుబడిలా పనిచేస్తున్నాయని పుస్తకమే రాశారు. తెలుగులో ఆ పెట్టుబడి ఎంత, అందులో ఎన్ని పదాలు ఆంగ్లంలో ఉన్న అర్థంతోనే తెలుగులో ఉన్నాయి, ఎన్ని అర్థం మార్చుకున్నాయి అన్న లెక్క వేస్తే విద్యార్థి ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. 1958 నుంచి ఆంగ్ల బోధనకే అంకితమైన కేంద్రీయ సంస్థ హైదరాబాద్‌లో ఉంది, నేడది ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం. చుట్టూ వేలాది మంది విద్యార్థులు ఏటా ఈ పరీక్షలకు కూర్చుంటున్నారు. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం విద్యార్థులను వేర్వేరుగా తీసుకుని, చెవికి తెలిసిన పదాలనూ కంటికి తెలిసిన పదాలనూ విడివిడిగా కొలిచే పని అక్కడ మొదలుపెట్టవచ్చు.